భాగస్వామి కావాలి

శనివారం ఉదయం ఆరింటికి ముక్తసరి ఆ రోజు పనులు ఒక చీటీ మీద రాసుకున్నాడు. పదికి ఇంటర్వ్యూలు. ఒంటిగంటకు భోజనం. నాలుగుకి బస్సు. అయిదు లోపల కాలేజీ. చీటీని టీ గ్లాసు కింద పెట్టి, ఇంతకన్నా తేలికైన రోజు ఈ మధ్య రాలేదనుకున్నాడు.

ముక్తసరి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నీటిసరఫరా ఆఫీసు రికార్డుల గదిలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసినప్పుడు తోటి గుమాస్తాలు పెట్టింది. పది మాటలు పట్టే సంగతిని ఆయన మూడింటితో సరిపెట్టేవాడు. భార్య పోయాక ఆ మూడూ కూడా మిగిలిపోతున్నాయి.

రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఆఫీసుకి బూడిదరంగు బ్యాగుతో ఒక విశ్లేషకుడు వచ్చాడు. మూడు రోజులు ఎదురుగా కూర్చుని, ఏ ఫైలు ఎక్కడుంటుంది, ఎవరడిగితే ఇస్తారు, కనపడకపోతే ఎలా వెతుకుతారు అని అడిగాడు. జన్మలో ఆయన్ని అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి మరొకడు లేడు. ముక్తసరి మురిసిపోయి ఉన్నదంతా కక్కేశాడు. నాలుగో నెలలో రికార్డుల గదికి తాళం పడింది. ఆయన బుర్ర కంప్యూటర్లోకి వెళ్ళింది; ఒళ్ళు మాత్రం తలుపు పక్క కుర్చీలోకి వెళ్ళింది. తనని అంత మర్యాదగా ఎలా ఖాళీ చేశారో తెలుసుకోవాలని, రిటైరైన నెలలోనే సాయంకాలం కాలేజీలో సమాచార వ్యవస్థల పీజీలో చేరాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. వారానికి మూడు సాయంత్రాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో సంచీతో ఎక్కడికో వెళ్ళి పొద్దుపోయాక వస్తున్నాడని మాత్రం మెట్ల మీద అందరికీ తెలుసు. తెలియని మిగతా కథ వాళ్ళే పూరించుకున్నారు.

అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటి తప్ప: వ్యవస్థల విశ్లేషణ, రూపకల్పన. రెండుసార్లు తప్పాడు. మూడోసారే ఆఖరు. ఈ శనివారం అయిదింటిలోపు ప్రాజెక్టు ఇవ్వకపోతే మూడేళ్ళ చదువు నీళ్ళలో పోసినట్టే. ప్రాజెక్టుకి ఆయన తన ఇంటినే తీసుకున్నాడు. ఆ ఇంటి వంటగదిలో ముప్ఫై ఒక్క డబ్బాలున్నాయి. ప్రతి మూత మీదా ఎర్ర రంగుతో చుక్కలు. కొన్నింటి మీద ఒకటి, కొన్నింటి మీద రెండు, చాలావాటి మీద మూడు. భార్య పెట్టింది. ఎందుకు పెట్టిందో రెండేళ్ళుగా అంతుపట్టలేదు. ధరా? కొన్న నెలా? అలమర వరసా? దేనికీ పొసగలేదు. కట్టినవాళ్ళు పోయి, రాతపూర్వకంగా ఏమీ మిగలని వ్యవస్థని బాగుచేయడం అన్నిటికన్నా కష్టమని ఆ పేపరు చెప్పే మేడమ్ పాఠంలో చెప్పినప్పుడు, క్లాసులో ఆయన ఒక్కడే తలూపాడు.

ప్రాజెక్టుకి అయిదుగురు స్టేక్‌హోల్డర్ల, అంటే అలాంటి వ్యవస్థని వాడేవాళ్ళ, ఇంటర్వ్యూలు, సంతకాలతో సహా కావాలి. ఇంగ్లీషు మాట కనపడితే పైన పెన్సిల్‌తో తెలుగు మాట రాసుకోవడం బడినాటి అలవాటు. స్టేక్‌హోల్డర్ మీద ముందు 'వాటాదారు' అని రాశాడు. ఆస్తి తగాదా వాసన వేసింది. చెరిపి 'భాగస్వామి' అని రాశాడు. అక్కడితో సరిపోయేది. కానీ గురువారంనాడు మెట్ల కింద బోర్డుకి ఒక కాగితం గుచ్చాడు. ముందు పన్నెండు వాక్యాలు రాసి, అలవాటు కొద్దీ కొట్టేసుకుంటూ పోతే మిగిలింది ఇది:

'భాగస్వామి కావాలి. ఇల్లు నడిపిన అనుభవం ముఖ్యం. ఆడవారైతే మేలు. ఇంటర్వ్యూ శనివారం పదింటికి. మూడో అంతస్తు, పన్నెండు.'

భవనం కార్యదర్శి దాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగోసారి భార్యకి చదివి వినిపించాడు. ఆ తర్వాత ఆయన చదవాల్సిన అవసరం లేకపోయింది.

పదికి పావుగంట ఉండగానే గంట మోగింది. పక్క వీధి హెడ్‌నర్సు, వెనకాల ఆవిడ అన్నగారు. ఆవిడ తలకి కొత్తగా రంగు వేసుకున్నట్టుంది. చెవి అంచున నల్లగా అంటింది.

"కూర్చోండి. ఈయన?"

"మా అన్నయ్యండి. ఇలాంటివాటికి ఒక్కదాన్నే వస్తే ఏం బావుంటుంది?"

ఇంటర్వ్యూకి తోడెందుకో ముక్తసరికి అర్థం కాలేదు. అడిగితే రెండు మాటలు దండగ. ప్రశ్నల కాగితం తీశాడు.

"మీ పాత వ్యవస్థ ఎన్నేళ్ళు నడిచింది?"

ఆవిడ తల దించుకుంది. "ఇరవయ్యారేళ్ళండి."

"ఎందుకు ఆగింది?"

"గుండెపోటు."

"పాత వ్యవస్థలో లోపాలు?"

"పోయినవాళ్ళ గురించి అనకూడదు గానీ... గురకండి. గోడలు అదిరేవి."

ఇల్లు నడపడానికీ గురకకీ సంబంధం ఏమిటో బోధపడలేదు. అయితే, వాడుకదారు చెప్పింది చెప్పినట్టు రాయండి, మధ్యలో మీ బుర్ర పెట్టకండి అని మేడమ్ గట్టిగా చెప్పి ఉంది. 'గురక' అని రాశాడు.

"తమకి ఆరోగ్యం అదీ బాగానే ఉంటుందాండీ?" అన్నగారు గొంతు సవరించుకున్నాడు.

"ప్రశ్నలు నావి."

"అద్గదీ! మగాడన్నాక ఆ కచ్చితం ఉండాలి," అని అన్నగారు మెచ్చుకుని చెల్లెల్ని మోచేత్తో పొడిచాడు.

"ఇక్కడ సంతకం."

"అమ్మో, ఇప్పుడేనా?"

"తర్వాత మాట మారకుండా."

ఆవిడ సిగ్గుతో సగం కనపడని సంతకం ఒకటి పెట్టింది.

తర్వాత వచ్చినావిడ లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలితో కలిసి ఉంటోంది; ఆ చెల్లెల్ని తోడు తెచ్చి మెట్ల మీద నిలబెట్టింది. ఆవిడ కుర్చీని ముందు రుమాలుతో తుడిచి, ఆ తర్వాత ఇల్లంతా కళ్ళతో తుడిచింది.

"పాత వ్యవస్థ, కొత్త వ్యవస్థ కొన్నాళ్ళు పక్కపక్కన నడపడం మీకు సమ్మతమేనా?" ముక్తసరి చదివాడు. మేడమ్ ఇచ్చిన ప్రశ్నల్లో అది ఏడోది.

టీచరు కళ్ళజోడు తీసింది. "పక్కపక్కనా? ఎన్నాళ్ళు?"

"నాలుగు వారాలు. కొత్తది కుదరకపోతే తీసేస్తాం."

"తీసేస్తారా! ఇలా ఎంతమందిని అడిగారు?"

"ఇద్దరిని. అయిదుగురిని అడగాలి."

ఆవిడ సంచీలోంచి ఎర్ర కలం తీసింది. అభిప్రాయం అన్న గడిలో 'అసభ్యం' అని గుండ్రంగా రాసి, కింద గీత గీసి, తేదీతో సహా సంతకం పెట్టింది. ఇంత స్పష్టంగా రాసేవాళ్ళు దొరకడం అదృష్టమనుకుని ముక్తసరి కాగితాన్ని జాగ్రత్త చేశాడు.

మూడో మనిషి పాత టెలిఫోన్ ఆపరేటరు. నలభై నిమిషాలు మాట్లాడింది. ముక్తసరి రెండు ముక్కలు అన్నాడు. ఎవరైనా ఇంత శ్రద్ధగా విని ఎన్నేళ్ళయిందో అంటూ కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టింది. అప్పటికి మెట్ల మీద గోల మొదలైంది. ఇంటర్వ్యూ అయినవాళ్ళు కూడా ఏం తేలుతుందోనని అక్కడే నిలబడ్డారు. కార్యదర్శి బెంచీ తెప్పించి, నంబర్లు వేసిన చీటీలు పంచి, "తోసుకోకండమ్మా, మాస్టారు అందరినీ చూస్తారు," అని అరుస్తున్నాడు. ముక్తసరి తలుపు సందులోంచి చూశాడు. చదువంటే జనానికి ఇంత ఆసక్తి ఉందని తెలియదు. రెండేళ్ళలో ఆ గుమ్మం తొక్కింది గ్యాసు మనిషి, కరెంటు మీటరు మనిషి. ఇవాళ ఒక్కపూటలో ఇన్ని చెప్పుల జతలు.

వాటిని లెక్కపెడుతుండగా అక్క వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, రెండు బస్సులు మారి, రొప్పుకుంటూ, చేతిలో అట్టతో సహా కొత్త చొక్కా.

"ఒరేయ్, తోబుట్టువుని నేనొకదాన్ని చచ్చానా? ఊరందరికీ చెప్పి నాకు చెప్పవా? ముందు ఈ చొక్కా తొడుక్కో. ఆ మాసిన గుడ్డలో నిన్నెవత్తి చూస్తుందిరా!"

"ఎందుకు?"

"నోరు ముయ్యి. ఇవాళైనా నా మాట విను."

అక్కతో వాదించడానికి మాటలు చాలా పడతాయి. చొక్కా తొడుక్కున్నాడు. మెడ దగ్గర గుండుసూది తీయడం ఇద్దరూ మర్చిపోయారు. సరిగ్గా ఆ క్షణాన బావమరిది జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు. కొత్త చొక్కా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"శభాష్ బావా! మా అక్క పోయి నిండా రెండేళ్ళు కాలేదు. గుమ్మం ముందు వరస కట్టించావా?"

"అయిదుగురు చాలు. వీళ్ళే ఎక్కువొచ్చారు."

"అయిదుగురా!" బావమరిది గోడ పట్టుకున్నాడు.

"ఈ వయసులో అయిదుగురేంట్రా!" అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కాలేజీ నియమం."

"చూశావా వదినా, ఎలా చెప్తున్నాడో! ఏం పాపం చేసిందని మా అక్క! ముప్ఫై నాలుగేళ్ళు నీ మూడు మాటలతో కాపురం చేసింది. ఇప్పుడు అయిదుగురితో ఇంటర్వ్యూలా!"

కార్యదర్శి కిందికెళ్ళి కాగితం పీక్కొచ్చాడు. "ఆవేశపడకండి. దాపరికమేముంది, మాస్టారు స్వయంగా రాసిందే," అంటూ గదిలోవాళ్ళకీ మెట్ల మీదవాళ్ళకీ వినపడేలా చదివాడు. "భాగస్వామి కావాలి. ఇల్లు నడిపిన అనుభవం ముఖ్యం. ఆడవారైతే మేలు."

తను రాసింది ఇంకొకరి గొంతులో వినడం ముక్తసరికి అదే మొదలు. 'మేలు' దగ్గరికొచ్చేసరికి మెడలో సూది గుచ్చుకుంది. నర్సు గారి తల రంగు, అన్నగారి మోచెయ్యి, టీచరు ఎర్ర కలం, అన్నీ వరసగా వచ్చి కళ్ళముందు నిలబడ్డాయి.

"పెళ్ళికి కాదు," అన్నాడు.

మెట్ల మీద మెడలన్నీ గుమ్మం వైపు సాగాయి.

"చదువుకి. నేను చదువుకుంటున్నాను. పీజీ. వ్యవస్థని వాడేవాళ్ళని ప్రశ్నలడగాలి. వాళ్ళని భాగస్వాములంటారు. నేనే అన్నాను. సాయంత్రం అయిదులోపు ఇవ్వాలి. లేకపోతే పోతుంది."

జీవితంలో ఆయన ఏకబిగిన మాట్లాడినదానిలో అదే పొడవైనది. ఎవరూ మెచ్చుకోలేదు.

నర్సు మొదట లోపలికొచ్చింది. "నా కాగితం ఇలా ఇవ్వండి. చనిపోయిన మనిషి గురకని పరీక్షకి పెడతారా?" టెలిఫోన్ ఆపరేటరు తన కాగితం తనే వెతుక్కుని నాలుగు ముక్కలు చేసింది. "విన్నారనుకున్నాను. రాసుకుంటున్నారన్నమాట," అంది. టీచరు మాత్రం గుమ్మంలోంచే, "నాది ఉంచండి. నా అభిప్రాయంలో మార్పేమీ లేదు," అని చెల్లెలి చెయ్యి పట్టుకుని దిగిపోయింది. బెంచీ ఖాళీ అయింది. చెప్పులు ఒక్కొక్క జతే తగ్గి, చివరికి మూడు జతలే మిగిలాయి. ఒకటి అక్కది, ఒకటి బావమరిదిది.

మూడోది కింది అంతస్తులో బట్టలు కుట్టే దర్జీ ఆవిడది. భర్త పోయి పదేళ్ళు. చేతిలో పదకొండో నంబరు చీటీ పట్టుకుని బెంచీ చివర కూర్చుని ఉంది. బావమరిది వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ గొణుక్కుంటున్నాడు. అక్క మంచం మీద వాలింది.

ముక్తసరి గుండీ సర్దుకున్నాడు. అందరూ ఛీకొట్టి పోయినా ఈవిడ కదల్లేదు. అంటే తెలిసే కూర్చుందా? రెండేళ్ళుగా ఒకే గ్లాసు కడుగుతున్న మనిషికి ఆ ఆలోచన వచ్చిందంటే తప్పు పట్టలేం.

"మీరూ... నోటీసు చూసే వచ్చారా?"

"లేదండీ. నా గోళ్ళరంగు సీసా కోసం వచ్చాను. నంబరు తీసుకోందే కార్యదర్శి గారు పైకి రానివ్వలేదు."

"ఏ సీసా?"

"ఎర్రదండీ. మీ ఆవిడగారు పట్టుకెళ్ళారు. ఆస్పత్రికెళ్ళే ముందు రోజు. ఇన్నాళ్ళూ అడగడం బావుండదని ఊరుకున్నా. ఇవాళ ఇల్లు మారే హడావిడేదో ఉందంటే, మళ్ళీ పోతుందేమోనని."

ముక్తసరి లేచి నిలబడ్డాడు. అలమర వైపు చూపించాడు. "ఆ చుక్కలు?"

"దానికే కదా పట్టుకెళ్ళారు. మీకు తెలీదూ?"

"తెలీదు."

ఆవిడ చెప్పనా వద్దా అన్నట్టు చూసి, చెప్పింది. "ఒక చుక్కంటే, ఆయనకి చెప్పకపోయినా దొరుకుతుంది. రెండు చుక్కలంటే, చెప్తే దొరుకుతుంది. మూడు చుక్కలంటే, చెప్పినా దొరకదు, నేనే వెళ్ళాలి. అలా చెప్పి పడీ పడీ నవ్వారండీ. తను ఆస్పత్రిలో ఉండగా మీరు ఇంటి నుంచి ఫోన్ చేసి ఏదెక్కడుందని అడిగితే, చెప్పడానికి వీలుగా."

ఒక చుక్క డబ్బాలు రెండు: పంచదార, టీపొడి. రెండు చుక్కలవి అయిదు. తక్కిన ఇరవై నాలుగూ మూడు చుక్కలే. మూడు చుక్కలవే ఖరీదైనవని ముక్తసరి ప్రాజెక్టులో ఒక పేజీ రాసి ఉన్నాడు. ప్రతి వాడుకదారుకీ వాడి తాహతుని బట్టి అనుమతి స్థాయిలు ఉండాలని మేడమ్ రెండు వారాలు చెప్పిన పాఠం భార్య గోళ్ళరంగుతో ముగించింది.

"పంతొమ్మిది రోజులు ఉన్నారు కదండీ ఆస్పత్రిలో. ఒక్కసారన్నా అడిగారా?"

"లేదు."

"మరేం తిన్నారు?"

"హోటల్లో."

రోజూ వెళ్ళాడు. స్టూలు మీద గంటసేపు కూర్చునేవాడు. ఎలా ఉందనేవాడు. ఫరవాలేదనేది. ఆవిడ దిండు పక్కన ఫోన్ ఎందుకు పెట్టుకునేదో అడగలేదు. ఎవరో బూడిదరంగు బ్యాగు మనిషి ఆయన్ని మూడు రోజులు ప్రశ్నలు అడిగాడు. ఆవిడని ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు.

"సీసా మూడు చుక్కల డబ్బాలోనే ఉండి ఉంటుంది," అంది దర్జీ ఆవిడ.

ముక్తసరి వెతికాడు. పది నిమిషాలు. దొరకలేదు. ఆవిడ వెళ్ళి రెండో అరలో మూలనున్న డబ్బా మూత తీసి, సీసా పట్టుకొచ్చింది. రంగు గట్టిపడిపోయింది. అయినా తీసుకుంది. వెళ్ళేముందు ప్రశ్నల కాగితం మీద విన్నదంతా రాసి సంతకం పెట్టింది.

టైం రెండున్నర. టీచరు, దర్జీ ఆవిడ, రెండు. అక్కని లేపాడు. "ఈ వ్యవస్థతో మీ అనుభవం?" అని అడిగితే, "గోడకి చెప్పుకోవడం. రాసుకో," అని సంతకం పెట్టి మళ్ళీ పడుకుంది. బావమరిది వంటింట్లో ఉండి అంతా విన్నాడు. బయటికొచ్చినప్పుడు కోపం అలాగే ఉంది గానీ గొంతు లేదు. "ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడేది బావా. మీ ఇంట్లో మాటలకి అనుమతి లేదనేది," అన్నాడు. సంతకం పెట్టాడు. నాలుగు. ముక్తసరి మూడు చుక్కల మూత ఒకటి సంచీలో వేసుకుని నాలుగింటి బస్సు ఎక్కాడు.

మేడమ్ వయసు ఆయన సర్వీసంత ఉంటుంది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. 'అసభ్యం' దగ్గర కాస్త ఆగింది. తర్వాత బొమ్మ దగ్గరికొచ్చింది. ఇంట్లో ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో గుండ్రాలతో, బాణాలతో గీసిన బొమ్మ.

"ఈ గుండ్రంలోకి పద్నాలుగు బాణాలు వెళ్తున్నాయండీ. బయటికి ఒక్కటీ రావట్లేదు. వచ్చిందంతా మింగేసి ఏదీ ఇవ్వనిదాన్ని మనం కృష్ణబిలం అంటాం, తప్పు కింద లెక్క. ఏంటిది?"

"నేను."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "సంతకాలు నాలుగే ఉన్నాయి. అయిదోది?"

మూత తీసి బల్ల మీద పెట్టాడు. చుక్కల సంగతి చెప్పాడు. నిమిషంన్నర పట్టింది. మేడమ్ మూతని రెండువైపులా తిప్పి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని, అయిదో గడిలో టిక్కు పెట్టింది. కింద రాసింది: 'ఉత్తీర్ణత. లోపం: ప్రధాన వాడుకదారుని సకాలంలో అడగలేదు. ముప్ఫైకి ఇరవై ఒకటి.'

"తొమ్మిది దానికే తగ్గించాను. ఎక్కువ అనిపిస్తే చెప్పండి."

"తక్కువే," అన్నాడు ముక్తసరి.

ఆదివారం ఆయన సవరణ నోటీసు రాశాడు. ఈసారి ఒక్క మాటా కొట్టేయలేదు. పైన చెప్పిన భాగస్వామి వివాహ సంబంధమైనది కాదనీ, చదువు నిమిత్తమనీ, ఆ చదువు కూడా అయిపోయిందనీ, పొరపాటుకి అందరూ మన్నించాలనీ, ఇకపై ఎవరూ శ్రమ తీసుకుని రానవసరం లేదనీ, నలభై మూడు మాటలు. బోర్డుకి గుచ్చిన కాగితం నెల తిరక్కుండా తీయకూడదని కార్యదర్శి నియమం. అందుకే పాత నోటీసు మళ్ళీ అక్కడే వేలాడుతోంది. సవరణని దాని మీదే గుచ్చాడు.

సవరణ బ్రహ్మాండంగా పనిచేసింది. సోమవారం ఎవరూ రాలేదు. మంగళ, బుధ, ఎవరూ రాలేదు. సాయంత్రాలు సంచీ పట్టుకుని వెళ్ళడానికి కాలేజీ కూడా లేదు. శనివారం పదికి పావుగంట ఉండగా ఆయన అక్క ఇచ్చిన చొక్కా, సూది తీసేసి, తొడుక్కున్నాడు. రెండు గ్లాసులు కడిగాడు. పదయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాకా వచ్చి ఆగిపోయింది. పదకొండయింది.

పదకొండుంబావుకి కిందికి దిగి, సవరణ కాగితాన్ని మాత్రం పీకేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కింది కాగితం చెక్కుచెదరలేదు.

పైకొచ్చి, చదువు నేర్పిన అలవాటు కొద్దీ, వ్యవస్థలో ఏది మార్చినా రాసిపెట్టుకునే మార్పుల పుస్తకం తెరిచాడు. తేదీ వేశాడు. చేసిన మార్పు: సవరణ రద్దు. కోరినవారు: వాడుకదారు. కారణం అన్న గడిలో మూడు చుక్కలు పెట్టాడు.